అడుగునీళ్లు

ఐతారం పొద్దుగాల ఆరున్నరకల్లా సదానందం పన్నెండు గాజు సీసలు చెక్కపెట్టెల సర్దుకొని జెట్టీ మీదికొస్తడు. జెద్దాకు ఉత్తరాన, ఒభుర్ దాటినంక ఉంటది ఆ జెట్టీ. అక్కడ తెల్ల బోటొకటి కట్టేసి ఉంటది. బోటు నడిపేది అమ్మిరాజు. అంతర్వేది దిక్కు మనిషి, నిద్రల గూడ నోరు మూతపడదని రూముల అందరికి ఎరుకే. లెక్కలు రాసుకునేది ఇంజనీర్ హమ్జా. ఈ దేశం పిలగాడే, సముద్రం చదువు చదివిండు, అరబ్బీల ఉర్దూ కలిపి మాట్లాడుతడు. ముగ్గురు కలిసి ఎనిమిదేండ్ల సంది ఇదే బోటెక్కి, అవే నాలుగు చోట్లకు పోయి, అవే సీసల్ల నీళ్లు పట్టుకొస్తున్నరు.

పనేందయ్యా అంటె చెప్పుకుంటె నవ్వులాటనే. సముద్రం ఎంత కార్బన్ గాలి మింగింది, ఎంత మల్ల కక్కింది అని లెక్క గట్టుడు. మనం ఇడిసే ఊపిరి, కార్ల పొగ, ఫ్యాక్టరీల పొగ, అన్నిట్ల ఉండే గాలిని సముద్రం కొంత లోపలికి గుంజుకుంటదట. దానికోసం గొట్టాన్ని సీస అడుగుదాకా దింపాలె. సీస నిండి, ఇంక రెండు సీసల నీళ్లు పైనుంచి పొర్లిపోవాలె. ఒక్క బుడగ గూడ మిగలొద్దు. లోపల కంటికి ఆనని పురుగు ఉంటే అది సుత ఊపిరి తీయొద్దని ఒక చుక్క విషం ఏసి, గ్రీజు రాసిన బిరడా తిప్పి బిగించాలె. ఇదంతా అయ్యేదాకా ఆ సీస మీద మనిషి ఊపిరి పడొద్దు. పడిందా, లెక్క తప్పినట్టే.

సదానందం కంటె ముందు ముగ్గురిని పెట్టి చూసిండ్రు. ఒక కేరళాయన తుమ్మిండు. ఒక బెంగాలీ సన్నగ పాట పాడుతనే ఉన్నడు. మూడో మనిషి ఊపిరి బిగబట్టి బోట్లనే కిందపడ్డడు. మెట్‌పల్లి దిక్కు నుంచి వచ్చిన సదానందానికి మాత్రం అది పుట్టుకతోటి వచ్చినట్టె కుదిరింది. నిమిషంన్నర సేపు రాయిలెక్క నిలబడుతడు. చూసి చూసి హమ్జాకు అతని మీద ఎక్కడలేని నమ్మకం కుదిరింది.

ఇగ ఈ సముద్రం సంగతి. చలికాలం వచ్చిందంటె జెద్దా జనం ఒడ్డుకొచ్చి నీళ్ల దిక్కు మొఖం పెట్టి నిలబడుతరు. చల్లటి నీళ్లు ఊపిరిని బాగ పట్టుకుంటయి గదా, దాంతోటి ఊపిరిల ఉన్న మాటను గూడ పట్టుకుంటయి. ఎవరి బాధ వాళ్లు చెప్పుకొని, మూతి తుడుచుకొని, ఇంటికి పోతరు. మల్ల ఎండకాలం నీళ్లు కాగినంక సముద్రం ఎవరిది వాళ్లకు ఇడిసిపెడ్తది. ఎండల పెట్టిన గోలీసోడ గోలీ నొక్కితె గ్యాసు ఎట్ల తన్నుకొస్తదో అట్ల. జూన్‌ల సముద్రపొడ్డు రోడ్డు కార్నిషు పొంటి నడుస్తుంటె నీళ్లల్ల నుంచి ఒక ఈజిప్టు పంతులు పెండ్లాం మీద కోపం, ఒక ఫిలిప్పీన్ నర్సు ప్రార్థన, ఎవరో మేస్త్రీ తిట్టు ఇనొస్తనే ఉంటయి. బూతులొస్తే తల్లులు పిల్లల చేయి పట్టుకొని ఇంకో దిక్కు నడుస్తరు. ఊడ్చేటోళ్లు చెవులల్ల దూది పెట్టుకుంటరు. అంతకు మించి దాన్ని ఎవరూ పట్టించుకోరు.

అమ్మిరాజు మాటలైతే ఏ ఏటివి ఆ ఏడే తిరిగొచ్చేవి. జనవరిల రొయ్యల చెరువు గురించి కొట్టిన గప్పాలు జూలైల బోటు చుట్టూ తేలుతుంటె ఆయనే ఇని మురిసిపోయేటోడు.

"ఆయ్, ఎంత బాగా చెప్పేనండీ! నా మాటలు పైపైనే ఉంటాయి, అందుకే గబాల్న వచ్చేత్తాయి. నీయి ఒక్కటీ రావేంటయ్యా సదానందం? నువ్వూ మాట్లాడతావు కదా శీతాకాలం, జెట్టీ చివర నిలబడి?"

"ఏమో," అనేటోడు సదానందం.

అదే అతని జవాబు దేనికైనా. ఏమో, సరే, మంచిగనే ఉన్న, చూద్దాం. ఈ నాలుగు మాటల మీదనే ఆరేండ్లు ఎల్లదీసిండు. చలికాలం జెట్టీ చివరకు పోయి ఏం మాట్లాడిండో అతనికే యాదికి లేదు. పోవుడు, నిలబడుడు, వచ్చుడు. అన్నం తింటె ఉప్పు తక్కువైందా ఎక్కువైందా తెలిసేది కాదు. ఒకపారి కాలు మీద చెక్కపెట్టె పడి గోరు ఊసిపోతె, నెత్తురు చూసినంకనే తెలిసింది పడ్డదని.

ఆరేండ్ల కింద, జనవరిల, ఇంటికాడ బిడ్డ సచ్చిపోయింది. పేరు స్వర్ణ, మూడేండ్లది. రెండు రోజుల జరం. సదానందం ఊరిడిసి వచ్చిన నాటికి ఆ పొల్ల ఇంక పాలు తాగుతున్నది, అతనికి ఎరుకైంది అంత ఫోన్‌ల గొంతే. ఆ రోజు జెట్టీ మీద ఉంటే పెండ్లాం గౌరవ్వ ఫోన్ చేసింది. "మన స్వర్ణ లేదయ్యా, పొద్దుగాల పోయింది," అన్నది. సదానందం "సరే" అన్నడు. గంతె. ఫోను జేబుల పెట్టుకొని, బోటెక్కి, పన్నెండు సీసలు నింపిండు. ఒక్కదాంట్ల గూడ బుడగ లేదు.

పాస్‌పోర్టు వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న కఫీల్ చేతిల ఉన్నది, ఆయన ఊర్ల లేడు, అప్పుడు పోలేకపోయిండు. అది నిజమే. గని మరుసటేడు లీవు ఇస్తానంటె గూడ సదానందం "చూద్దాం" అన్నడు. ఆ తర్వాతేడు గూడ చూద్దామే. నెల నెల పంపేది పంపిండు, అడిగినప్పుడు ఫోన్ ఎత్తిండు. ఫోను మూతి కాడికి రాంగనే అది గూడ ఒక సీసనే అనిపించేది పాడు అలవాటుకు. ఊపిరి ఇడిస్తే లెక్క ఖరాబైతదన్నట్టు బిగబట్టుకొని నిలబడేటోడు. అవతల గౌరవ్వ బీడీలు చుడుతనే ఉన్నదా, ఏడుస్తున్నదా, ఏమడుగుతున్నది, అన్ని ఇనేటోడు. తన దిక్కు నుంచి మాత్రం గాలి గూడ పోనిచ్చేటోడు కాదు.

గౌరవ్వ గుండెల దిగబడ్డది ఆ సరే. "బిడ్డ సచ్చిందంటె సరే అన్నడు. బీడీ ఆకు తడి ఆరిందంటె గూడ మనిషి అయ్యో అంటడు," అని ఆమె ఎంతమందికి చెప్పుకున్నదో లెక్కలేదు.

అట్లుండంగ నితాఖత్ వచ్చింది. ఏ కంపెనీల సౌదీలు ఎంతమంది ఉన్నరో చూసి ప్రభుత్వం దానికో రంగు కట్టింది. సదానందం కఫీల్ కంపెనీల పదకొండు మంది పరదేశోళ్లు, సౌదీ ఒక్కడు లేడు; హమ్జా సర్కారు దిక్కు మనిషి, కంపెనీ లెక్కల రాడు. ఇంకేమున్నది, ఎర్ర రంగు పడ్డది. ఎర్ర రంగు అంటె ఈడ ఉండనిచ్చే కాయితం ఇకామా రినివల్ కాదు. మొహలత్ అని కొంత గడువు ఇచ్చిండ్రు, ఆ లోపట ఆకుపచ్చ కంపెనీకి ట్రాన్స్‌ఫరన్న కావాలె, ఎగ్జిట్ కొట్టించుకొని ఇంటికన్న పోవాలె. లేకుంటె పట్టుకపోతరు. జూలైకి అయిపోవాల్సిన మొహలత్ నవంబర్ దాకా పొడిగిచ్చిండ్రు గని, దినాలు ఆగుతయా?

హమ్జా ఊకె కూసోలేదు. అక్కడిక్కడ తిరిగి ఒక ఆకుపచ్చ కంపెనీని ఒప్పించిండు. కాయితాలు తయారు చేసి ప్లాస్టిక్ కవర్ల పెట్టుకొని వచ్చిండు. "ఐతారం పని అయినంక సంతకం పెట్టు. ఇంకో నాలుగేండ్లు నువ్వు నాతోనే ఉంటవు. నీ అసొంటి చేయి నాకు మల్ల దొరకదు," అన్నడు.

"సరే," అన్నడు సదానందం.

ఆ సంగతి గౌరవ్వకు చెప్పిండు. నాలుగేండ్లు అనే మాట ఇనంగనే ఆమె గొంతు మారింది.

"నేను నిన్ను అది తే ఇది తే అని అడుగుతలేనయ్యా. మనిషివి కావాలె. నాకు ముప్పై నాలుగు నిండినయి. పెండ్లామునో, ఎవరి ఇంటి కావలిదాన్నో తెల్వకుంట ఇట్ల బతకలేను. ఐతారం కుల సంఘంల పెద్దమనుషులను కూసోబెడుతున్న. వస్తనంటె వస్తనని నీ నోటితోటి చెప్పు. చెప్పకపోతివా, ఇడుపు కాయితం రాయిచ్చుకుంట. నన్ను తప్పు పట్టకు."

సదానందం ఇనుకుంటనే ఉన్నడు. చెప్పాలనే ఉండె. ఏం చెప్పాల్నో లోపట ఎతికితె అక్కడ ఏం దొరకలేదు. "నీ ఇష్టం," అన్నడు చివరికి. గౌరవ్వ ఫోన్ పెట్టేసింది.

ఐతారం వచ్చింది. జూలై ఎండ ఏడింటికే నెత్తి మీద కూసున్నది. నీళ్లు ముట్టుకుంటె చాయ్‌లెక్క ఉన్నయి. మొదటి మూడు చోట్ల అంతా మామూలే. తొమ్మిది సీసలు నిండినయి. నాలుగో చోటుకు పోయేసరికి హమ్జా మీటరు దిక్కు చూసి కండ్లద్దాలు తీసి తుడుచుకొని మల్ల పెట్టుకున్నడు.

"అంకె ఒక్కపారే ఎక్కింది. ఇది ఈ ఏటి నీళ్లు కాదు," అన్నడు.

"మరేటివండీ?" అన్నడు అమ్మిరాజు.

"అడుగువి. చలికాలం ఉత్తరాన నీళ్లు సల్లగై, బరువెక్కి, మింగినదాన్ని మింగినట్టే పట్టుకొని అడుక్కు పోతయి. ఏండ్లకేండ్లు ఆడనే ఉంటయి. ఈ నెల గాలి మర్లింది, పైనీళ్లను అవతలికి తోసింది. అడుగునీళ్లు పైకొస్తున్నయి." హమ్జా రాసుకుంటనే ఉన్నడు. "మనం ఇడిసిందంతా మింగి మింగి సముద్రం పులుస్తున్నది సదానందం. గవ్వలు పల్సబడుతున్నయి. ఎంతకని దాచిపెడ్తది? తొందరగ పట్టు, ఈ నీళ్లు మల్ల దొరకవు."

సదానందం గొట్టం సీసల దింపి ఊపిరి బిగబట్టిండు. సరిగ్గ అప్పుడే అతని ఫోను మోగింది. అమ్మిరాజు అతని జేబుల నుంచి తీసి చూసిండు. "మీ ఇంటి దగ్గర్నుంచేనయ్యా," అని స్పీకరు పెట్టి, సీసకు తగలకుంట దూరంగ పట్టుకున్నడు.

అవతల నుంచి ఫ్యాను చప్పుడు, పదిమంది దగ్గులు ఇనొచ్చినయి. పెద్దమనిషి లింబాద్రి గొంతు సవరించుకున్నడు.

"సదానందం, నేనురా లింబాద్రిని. అందరం కూసున్నం. గౌరవ్వ ఈడనే ఉన్నది. దాని ముచ్చట నీకు ఎరుకే. వస్తవా, రావా? ఒక్క మాట చెప్పు, అవతల నాట్లున్నయి, ఎవరి పని మీద వాళ్లు పోతరు."

సీస సగం నిండింది. సదానందం కదలలేదు.

"చెప్పవయ్యా," అన్నది గౌరవ్వ. "గిదే ఆఖరు. నోరిప్పు."

సీస నిండి నీళ్లు పొర్లుతున్నయి. అమ్మిరాజు కండ్లతోటే చెప్పమన్నట్టు సైగ చేసిండు. సదానందం సీసనే చూస్తున్నడు. అప్పుడు బోటు పక్క నుంచి, నీళ్లల్ల నుంచి, ఒక మగమనిషి ఏడుపు లేసింది.

పాపం ఎవరో, అనుకున్నడు సదానందం. ఎవరో మస్తు బాధల ఉన్నడు. పొర్లే నీళ్లను లోపట్లోపట లెక్కబెడుతనే ఉన్నడు. ఏడ్చే మనిషి ముక్కు చీదిండు, దగ్గిండు, మల్ల ఏడ్చిండు. కొంత సేపటికి ఆ ఏడుపుల నుంచి మాట వచ్చింది.

"స్వర్ణా... స్వర్ణవ్వా... నా తల్లీ..."

ఫోన్‌ల దగ్గులు ఆగిపోయినయి.

"కీకీమనే చెప్పులు కావాలంటివి గదనే. బలద్ బజార్ల తిరిగి తిరిగి కొన్ననే తల్లీ. ఎంత కాలు అని అంగడాయన అడిగితె నాకు తెల్వలే. నీ కాలు ఎంతుంటదో నాకు తెల్వలే. మూడేండ్లు అని చెప్పిన, గులాబి రంగువి ఇచ్చిండు. పెట్టెల పెట్టిన బిడ్డా. వచ్చేటప్పుడు తెస్తా అన్న గదనే..."

అప్పటికి గొంతు తెలిసింది సదానందానికి. తనదే. ఆరేండ్ల కిందటిది, ఇప్పటి దానికంటె లేతది. ఆ పొద్దు పన్నెండు సీసలు నింపినంక జెట్టీ చివరకు పోయింది యాదికొచ్చింది. మోకాళ్ల మీద కూలబడ్డది, చెక్కల సందుల నుంచి కిందికి నీళ్లల్లకు మొఖం పెట్టింది, ఒక్కొక్కటే యాదికొచ్చినయి. నీళ్లు ఆ రోజు మంచుగడ్డలెక్క ఉండె.

"నేను సరే అన్ననే గౌరవ్వా," అంటున్నది సముద్రం అతని గొంతుతోటి. "నువ్వు చెప్తివి, నేను సరే అంటి. ఏం సరే? బిడ్డ పోతే సరే ఎట్లయితది? నా నోట్లెకెల్లి అదే వచ్చింది. ఇంకో మాట రాలే. నువ్వేమనుకున్నవో గౌరవ్వా, నేను ఏ మొఖం పెట్టుకొని రావాలె? పొల్ల లేని ఇంట్లకు ఎట్ల రావాలె? వచ్చి తలుపు తీస్తె అది లేకుంటె నేనేం జేయాలె?"

ఆ రోజు ఎంతసేపు ఏడ్చిండో అంతసేపు వచ్చింది. చాన సేపు వచ్చింది. హమ్జాకు తెలుగు రాదు గని రాసుడు ఆపి తల దించుకొని కూసున్నడు. అమ్మిరాజు ఫోనును నీళ్ల దిక్కు ఇంకింత ఒంచి పట్టుకున్నడు. ఈ నడుమ ఎప్పుడో సదానందం ఊపిరి ఇడిసిండు. బుస్సుమని సీస మీదనే ఇడిసిండు. సీస కదిలి నడుమల పెద్ద బుడగ నిలబడ్డది.

నీళ్లు సద్దుమణిగినయి. ఫోన్‌ల ఫ్యాను తిరుగుడు ఇనొస్తున్నది.

"ఏమయ్యా," అన్నది గౌరవ్వ. ముక్కు పూడుకపోయిన గొంతు. "గింత ఏడుపు సముద్రానికి ఇస్తివా? నాకియ్యాలె గదా. నేనొక్కదాన్నే ఏడ్చిన గదనయ్యా ఇన్నేండ్లు. మన ఇద్దరిదీ నేనే ఏడ్చిన."

సదానందం నోరు తెరిచిండు. గాలి లోపలికి పోయింది, బయటికొచ్చింది.

"గా చెప్పులు ఉన్నయా?" అన్నది గౌరవ్వ.

"ఉన్నయి."

"తీస్కరా. దాన్ని మట్టిల పెట్టిన కాడ పెడ్దాం."

"వస్త," అన్నడు సదానందం. "వస్తున్న గౌరవ్వా."

అవతల లింబాద్రి "ఇగ లేవుండ్రి, పంచాయితి లేదు ఏం లేదు," అనుకుంట కుర్చీ జరిపిన చప్పుడైంది.

హమ్జా వచ్చి సదానందం చేతిల నుంచి సీస తీసుకున్నడు. బుడగను చూసిండు. ఎనిమిదేండ్లల్ల మొదటిది. కోపం చేయలేదు, సీస తలకిందులు చేసి నీళ్లు సముద్రంల పారబోసిండు. మిగిలిన రెండు సీసలు తనే పట్టిండు, బుగ్గలు ఉబ్బిచ్చుకొని, తంటాలు పడుకుంట. జెట్టీ చేరినంక ప్లాస్టిక్ కవరు తెరవకుండనే బ్యాగుల పెట్టుకున్నడు.

మంగళారం నాడు అమ్మిరాజు తోడు రాంగ సదానందం ఎగ్జిట్ కాయితం రాయిచ్చుకుందామని ఇండియా కాన్సులేటుకు పోయిండు. గేటు బయట ఎండల వందలమంది లైను. సాయం చేద్దామని వచ్చినోళ్లు బల్లలేసుకొని ఫారాలు నింపుతున్నరు. లైన్ల అమ్మిరాజు నేర్పుతనే ఉన్నడు.

"కారణం అడుగుతారు. ఒంట్లో బాలేదని చెప్పెయ్. తొందరగా తేలిపోద్ది. ఎక్కువ మాట్లాడకు, నీకు ఎలాగూ అలవాటు లేదనుకో."

బల్ల కాడ కూసున్నది కడప మనిషి మౌలాలి. పేరు, ఊరు, పాస్‌పోర్టు నంబరు, కఫీల్ పేరు, ఇకామా ఎన్నడు అయిపోయింది, అన్నీ గబగబ రాసుకున్నడు.

"ఎందుకు పోతాండావని రాయల్ల?"

"మా బిడ్డ సచ్చిపోయింది," అన్నడు సదానందం.

మౌలాలి పెన్ను ఆగింది. తలెత్తి చూసిండు. "అయ్యో. ఎంత పాపన్నా?"

"మూడేండ్లు."

"ఎప్పుడు?"

"మొన్న ఐతారం," అన్నడు సదానందం. అంటుంటెనే అతని మొఖం వంకర్లు పోయింది, కండ్లల్లకెల్లి నీళ్లు గడ్డం మీదికి కారినయి. ఆరేండ్లు ఎండిపోయిన కండ్లు ఎట్ల తుడుచుకోవాల్నో మరిచిపోయినట్టు, చేతులు పక్కకు ఏలాడేసుకొని నిలబడ్డడు.

అమ్మిరాజు భుజం మీది తువ్వాల తీసి అతని మొఖం తుడిచిండు. మౌలాలి మల్ల పెన్ను పట్టుకున్నడు. ఐతారం తేదీ రాసి, సదానందం కాయితాన్ని కట్టల అన్నిటికంటె పైన పెట్టి, లేసి లోపలికి పోయిండు.